ఆఫర్ లెటర్ దాకా పోయే ఖర్చు ఎవరు పెట్టాల?



మన గ్రూపులో ప్రతి ఏడూ ఒకసారి ఆ పీడీఎఫ్ వస్తుంది. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ వాళ్ళ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నోటిఫికేషన్. ఎవరో ఒక సీనియర్ అన్న పెడతాడు, "తమ్ముళ్ళూ, అందరూ అప్లై చేయండి" అని. కింద ముప్పై దండాలు, నాలుగు "సూపర్ అన్నా"లు. మరుసటి రోజు మెస్ బిల్లుల మీద చర్చ మొదలైతే అది పైకి పోయి కనపడకుండా పోతుంది. మా హాస్టల్లో ఇంతవరకు దానికి దరఖాస్తు పెట్టినోళ్ళు ఒక్కరూ లేరు. తిరుపతిలో మిగతా హాస్టళ్ళల్లో తెలిసినోళ్ళని అడిగినాం, వాళ్ళకీ ఎవరూ తెలీదు. ఎందుకు లేరు అని మేము రూములో చాలా రోజులు మాట్లాడుకున్నాం. ఆ మాటలన్నీ ఇక్కడ పెడుతున్నాం. పోస్టు పెద్దది, టీ తాగి వచ్చి చదవండి.

మేము ఐదుగురం. ఇద్దరు యానాదులు, ఇద్దరు సుగాలీలు, ఒక ఎరుకల. అందరికీ ఇరవై అటూ ఇటూ. ఐదు ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకరి నాయన నాయుడుపేట దిక్కున చేపల చెరువుకి కాపలా, ఒకరి అమ్మ మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, ఒకరింట్లో ఇప్పటికీ బుట్టలు అల్లుతారు. కాబట్టి ఇక్కడ రాసేది పెద్ద అనుభవజ్ఞుల సలహా కాదు. ఒక సంవత్సరంగా మేము కాగితాల వెంట తిరుగుతా తెలుసుకున్న సంగతి, దాని మీద మా అభిప్రాయం.

ముందు ఆ పీడీఎఫ్‌లో ఏముందో చూద్దాం, ఎందుకంటే చాలామంది మొదటి పేజీ దాటి పోరు. దేశం మొత్తానికి ఏడాదికి 20 సీట్లు. 17 మామూలు ఎస్టీలకు, 3 అతి వెనుకబడిన ఆదిమ తెగలకు. అందులో 30 శాతం ఆడపిల్లలకు. పీజీ, పీహెచ్‌డీ, ఆ పై చదువులకే ఇస్తారు, డిగ్రీకి ఇవ్వరు. డిగ్రీలో 55 శాతం మార్కులుండాల, వయసు 35 దాటకూడదు, ఇంటి ఆదాయం ఏడాదికి 6 లక్షలు మించకూడదు. ఎంపికైతే ఫీజు కడతారు, విమానం టికెట్టు ఇస్తారు, వీసా ఫీజు, ఇన్సూరెన్సు ఇస్తారు. ఖర్చులకి అమెరికా, ఇతర దేశాలకైతే ఏడాదికి 15,400 డాలర్లు, ఇంగ్లాండుకైతే 9,900 పౌండ్లు. మంచి స్కాలర్‌షిప్ అది, అందులో అనుమానం లేదు.

ఇప్పుడు లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్టీలు 10 కోట్ల 43 లక్షలు. 20 సీట్లతో భాగిస్తే 52 లక్షల మందికి ఒక సీటు. మన ఆంధ్రప్రదేశ్‌లో మనం సుమారు 27 లక్షలు. అంటే రాష్ట్రం మొత్తానికి న్యాయంగా వచ్చేది అర సీటు. ఆ అర సీటులో తిరుపతి జిల్లా వాటా ఎంతో లెక్కేద్దామని మా రూములో బీకాం వాడు క్యాలిక్యులేటర్ తీసినాడు గానీ మేమే వద్దన్నాం. ఆదిమ తెగల కోసం పెట్టిన 3 సీట్లు మన జిల్లాలో ఎక్కువగా ఉండే యానాదులకి రావు, యానాదులు ఆ జాబితాలో లేరు. చెంచులు ఉన్నారు, వాళ్ళకైనా అందితే సంతోషమే.

20 సీట్లు తక్కువ అని ఎవరైనా అనగలరు. మేమూ అంటాం. కానీ మా అసలు గొడవ అది కాదు. సీట్లు 200 చేసినా మా హాస్టల్ నుంచి ఒక్కరూ పోరు అనేది మా గొడవ. కారణం ఇది: ఈ స్కాలర్‌షిప్ అయినా, రాష్ట్రం ఇచ్చేదైనా, ఏదో ఒక యూనివర్సిటీ సీటు ఇచ్చినాకనే డబ్బు కదులుతుంది. ఆ సీటు దాకా పోయే ఖర్చు మాత్రం మన జేబులోదే. మన దగ్గర లేనిది సరిగ్గా ఆ మొదటి ఖర్చే. విమానం టికెట్టు ఇస్తామంటారు, సరే. విమానం ఎక్కేదాకా పోయే బస్సు చార్జీ ఎవరిస్తారు?

ఎంత అవుతుందో మేము వేసిన లెక్క చెప్తాం. పాస్‌పోర్టుకి 1,500. ఐఈఎల్‌టీఎస్ పరీక్షకి 17, 18 వేలు, పరీక్ష రాసే ఊరికి పోయి వచ్చే చార్జీ వేరే. జీఆర్‌ఈ అడిగే యూనివర్సిటీ అయితే ఇంకో 20 వేల పైనే. మన వర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తీసుకోవడానికి కొన్ని వేలు. ఇంగ్లాండులో చాలా యూనివర్సిటీలు పీజీ దరఖాస్తుకి ఫీజు తీసుకోవు, అది మనకి మంచిది. అమెరికాలో ఒక్కో దరఖాస్తుకి 50 నుంచి 100 డాలర్లు, ఐదు చోట్ల పెడితే ఎంతవుతుందో మీరే వేసుకోండి. మొత్తం మీద ఇంగ్లాండు దారిలో 30 వేల దాకా, అమెరికా దారిలో 60 వేలు, ఇంకా పైన. ఇదంతా సీటు వస్తుందో రాదో తెలియకముందు పెట్టాల్సిన డబ్బు. చేపల చెరువు దగ్గర కాపలా ఉండే మనిషికి "నాయనా, ఒక పరీక్షకి 18 వేలు కావాల, రెండేళ్ళ తర్వాత ఆ మార్కులు చెల్లవు" అని ఎట్ల చెప్తాం? ఐఈఎల్‌టీఎస్ మార్కులకి నిజంగానే రెండేళ్ళే గడువు. అందుకే ముందే తొందరపడి రాసేసినా లాభం లేదు.

డబ్బు కన్నా ముందు ఇంకోటి ఉంది. కాగితాలు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాం, ఎందుకంటే కన్సల్టెన్సీ వాళ్ళు, యూట్యూబ్ వాళ్ళు దీని జోలికే రారు. వాళ్ళ వీడియోలన్నీ పుట్టినప్పుడే ఆస్పత్రిలో సర్టిఫికెట్ తీసుకున్న పిల్లల కోసం చేసినవి.

మా ఐదుగురిలో ముగ్గురి పుట్టిన తేదీ జూన్ నెలలోనే ఉంది. జూన్లో యానాదులకీ సుగాలీలకీ ఏదో విశేషం ఉందని కాదు. బళ్ళు తెరిచేది జూన్లో. వయసెంత అని హెడ్మాస్టరు అడిగితే అమ్మ "ఆ పెద్ద వాన వచ్చిన ఏడు పుట్టినాడు" అంటుంది, సారు వేళ్ళు లెక్కబెట్టి ఒక తేదీ వేసేస్తాడు. అదే టెన్త్ మెమోలోకి ఎక్కుతుంది. ఆధార్ తీసినోడు ఇంకో తేదీ వేసి ఉంటాడు. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో ఒక్క అక్షరం. తాండాలో తమ్ముడికి బడిలో నాయక్ ఉంటుంది, ఆధార్లో ఉండదు, వాళ్ళ నాయన రేషన్ కార్డులో రాథోడ్ అని ఉంటుంది. మన ఊర్లో అందరికీ ఇది ఒకే మనిషని తెలుసు. వీసా ఆఫీసులో కూర్చున్నాయనకి ముగ్గురు మనుషులు కనపడతారు.

సరిచేయించుకోవచ్చు, కానీ దానికి వరస ఉంది. ఆధార్లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే ఇస్తారు, పేరు రెండుసార్లు. కాబట్టి మీసేవ దగ్గర ఎవరో చెప్పినారని ఊరికే మార్చేయకండి. ముందు టెన్త్ మెమో చూసుకోండి. అందులో తప్పు లేకుంటే దాన్నే ఖాయం చేసుకుని, ఆధార్‌ను, బ్యాంకు పాస్‌బుక్కును, కుల ధ్రువీకరణను దాని ప్రకారం మార్చుకోవాల. మెమోలోనే తప్పుంటే చదివిన బడి హెడ్మాస్టరు ద్వారా దరఖాస్తు పోవాల, అది నెలల పని. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. పాస్‌పోర్టుకి బర్త్ సర్టిఫికెట్ తప్పనిసరి అయిందంట అని మన గ్రూపులోనే ఎవరో పెట్టి చాలామందిని భయపెట్టినారు. ఆ రూలు 2023 అక్టోబరు 1 నాడో ఆ తర్వాతో పుట్టిన పిల్లలకి. మనకి టెన్త్ సర్టిఫికెట్ చాలు. పైగా టెన్త్ పాసైనోళ్ళ పాస్‌పోర్టుకి ఇమిగ్రేషన్ చెక్ ముద్ర పడదు. మన నాయనలు, మామలు గల్ఫ్‌కి పోవాలంటే ఆ ముద్రతో పడే తిప్పలు మనకి లేవు. టెన్త్ పాసయ్యామంటే మన ఇళ్ళల్లో ఎవరికీ లేని ఆ వెసులుబాటు మనకి ఇప్పటికే వచ్చేసింది, తెలియక వాడుకోవడం లేదు. పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది. పదేళ్ళు చెల్లుతుంది. విదేశం పోయినా పోకున్నా తీసి పెట్టుకోండి అని మా మాట.

పాస్‌పోర్టులో ఒక దశ ఉంది, పోలీస్ వెరిఫికేషన్. వేరే వాళ్ళకి అది ఒక ఫోన్ కాల్, ఒక సంతకం. మన ఇళ్ళల్లో అట్ల కాదు. మా ఎరుకల మిత్రుడింట్లో "పోలీసాయన విచారణకి వస్తాడు" అనగానే వాళ్ళ అవ్వ అన్నం తినడం మానేసింది. తప్పు ఆమెది కాదు. 1871లో తెల్లోళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చింది, దేశమంతటా పూర్తిగా రద్దయ్యేసరికి 1952 అయింది. ఆ కాలంలో మన ఎరుకల పెద్దలు ఊరు దాటాలన్నా పోలీసుకి చెప్పి పోవాల్సి వచ్చింది. స్టువర్టుపురం సంగతి అందరికీ తెలిసిందే. యానాదుల్లోనూ కొందరి మీద ఆ ముద్ర వేసినారు. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా ఊర్లో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె కాడికి వస్తారో చెప్పనక్కర్లేదు. అట్లాంటి అవ్వకి మనవడు సముద్రం దాటిపోవడానికి పోలీసు సంతకం కావాలంటే ఎట్ల ఉంటుంది? మేము చేసింది ఏమంటే, వెరిఫికేషన్ రోజు ఊర్లో వాళ్ళింట్లో ముగ్గురం కూర్చున్నాం. వచ్చిన కానిస్టేబులు మంచోడే, పది నిముషాల్లో అయిపోయింది. అవ్వ మాత్రం ఆయన బండి మలుపు తిరిగేదాకా లోపల్నుంచి బయటికి రాలేదు. ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి. వీలైతే ఆ రోజు మీరు ఇంట్లో ఉండండి.

కన్సల్టెన్సీల గురించి. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డులో నడిస్తే విదేశీ జెండాలు లేని బిల్డింగు ఉండదు. ఒక చోటికి మేము పోయినాం, పేరు అనవసరం. ఏసీ రూములో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చినారు. మార్కులు అడగలేదు, ఏం చదవాలని ఉందో అడగలేదు. మొదటి ప్రశ్న "ప్రాపర్టీ ఏముంది?" ఆ మేడం తప్పు కూడా కాదేమో, ఆమె పని అది. ఫ్రీ కౌన్సెలింగ్ అంటారు గానీ మనల్ని చేర్పిస్తే ఆ యూనివర్సిటీ వాళ్ళకి కమిషన్ ఇస్తుంది. అందుకే వాళ్ళు చూపించే లిస్టులో ఆ యూనివర్సిటీలే ఉంటాయి. స్కాలర్‌షిప్ గురించి అడిగితే "అవన్నీ రావు తమ్ముడూ" అంటారు. మనకి స్కాలర్‌షిప్ వస్తే వాళ్ళకి పోయేదేమీ లేదు, కానీ వాళ్ళకి వచ్చేదీ లేదు.

ఇంక లోను. బ్యాంకులు హామీ లేకుండా ఇచ్చేది సుమారు 7.5 లక్షల దాకా. ఆ పైన కావాలంటే ఆస్తి చూపించాల. మన ఇళ్ళల్లో ఉంటే గింటే ఉండేది డీకేటీ పట్టా భూమి, లేకుంటే అటవీ హక్కుల పట్టా. అసైన్డ్ భూములు అమ్ముకోవడానికి వీల్లేదని 1977లో రాష్ట్రం చట్టం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వచ్చిన భూమి వారసులకి పోతుంది గానీ బయటోళ్ళకి బదిలీ కాదు. ఆ చట్టాలు లేకుంటే ఆ ఎకరా అరెకరా మన తాతల కాలంలోనే షావుకారి కిందికి పోయి ఉండేది, కాబట్టి వాటిని తీసేయమని ఎవరూ అనకండి. అయితే అమ్మలేని భూమిని పాతిక లక్షల అప్పుకి హామీగా ఏ మేనేజరూ సంతోషంగా తీసుకోడు. ఈ సందులోకి వడ్డీవాళ్ళు వస్తారు. ఇంగ్లాండు వీసాకి సొంత డబ్బు చూపించేవాళ్ళ అకౌంటులో అది 28 రోజులు నిలిచి ఉండాల. ఆ నెల రోజులకి డబ్బు వేసి మళ్ళీ తీసుకుని, దానికి వడ్డీ గుంజే వ్యాపారం ఒకటి నడుస్తా ఉంది. దయచేసి ఆ దిక్కు పోవద్దు.

మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాం. మనలాంటి ఇళ్ళ పిల్లలు పూర్తి స్కాలర్‌షిప్ వస్తేనే విదేశం పోవాల. అప్పు చేసి, చెల్లెలి పెళ్ళికి దాచింది తీసి, అక్కడ పార్ట్‌టైం చేసి కట్టేస్తాంలే అనే లెక్కతో పోకూడదు. ఆ లెక్క తప్పితే వేరే వాళ్ళకి వెనక ఇల్లో పొలమో ఉంటుంది, మనకి వెనక ఉండేది చెరువు గట్టు. కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే యూనివర్సిటీని 2011 జనవరిలో మూసేసినప్పుడు అందులో చిక్కుకున్నోళ్ళలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. కొందరి కాళ్ళకి రేడియో కడియాలు వేసినారు. అది నడిపినామెకి 2014లో 16 ఏళ్ళకు పైగా శిక్ష పడింది, పిల్లల డబ్బు మాత్రం పోయిందే. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అని ఇంకోటి. దాన్ని అమెరికా ప్రభుత్వమే వల మాదిరి పెట్టింది, అందులో కూడా మన తెలుగోళ్ళే ఎక్కువ. జర్మనీలో ఫీజు లేదు కదా అంటారు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీలలో నిజమే. కానీ వీసా కోసం ఏడాది ఖర్చు 11,904 యూరోలు, అంటే 12 లక్షల దాకా, ముందే బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపించాల. ఆ మాట వీడియోలో చివర్లో చెప్తారు.

పూర్తి ఖర్చు ఇచ్చేవి నేషనల్ ఓవర్సీస్ ఒక్కటే కాదు. ఇంగ్లాండు ప్రభుత్వం చీవ్‌నింగ్ ఇస్తుంది, డిగ్రీ తర్వాత రెండేళ్ళు పనిచేసిన అనుభవం అడుగుతుంది. జర్మనీ డాడ్ వాళ్ళ అభివృద్ధి కోర్సులకీ రెండేళ్ళ అనుభవం కావాల. ఫెలిక్స్ అని ఒకటుంది, ఆక్స్‌ఫర్డ్, రెడింగ్, లండన్ సోయాస్‌లలో చదవడానికి మన దేశపు పిల్లలకి ఇస్తారు. కామన్‌వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ సొంతంగా ఖర్చు పెట్టుకోలేని వాళ్ళ కోసమే పెట్టినది. తెలంగాణలో ఉండే మన చుట్టాల పిల్లలకి అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షలు ఇస్తారు, వాళ్ళకి చెప్పండి. మన రాష్ట్రంలో పథకం పేరు, రూళ్ళు ప్రభుత్వంతో పాటు మారతా వచ్చినాయి. 2022లో తెచ్చిన విదేశీ విద్యా దీవెనలో క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 100లో సీటొస్తే పూర్తి ఫీజు, 200 లోపైతే 50 లక్షల దాకా అన్నారు. అంత పెద్ద మొత్తం వినడానికి బాగుంటుంది. గెస్ట్ లెక్చరర్లతో నడిచే డిగ్రీ కాలేజీ నుంచి ప్రపంచంలో మొదటి 200 యూనివర్సిటీల్లోకి నేరుగా ఎంతమంది దూకగలరో ఆ రూలు రాసినోళ్ళు ఆలోచించినారో లేదో. ఏ ఏడు దరఖాస్తు పెడితే ఆ ఏటి జీవో చదువుకుని పెట్టండి.

రెండేళ్ళ అనుభవం అడగడం మనకి నష్టం అని మొదట అనుకున్నాం. ఇప్పుడు అట్ల అనిపించడం లేదు. డిగ్రీ అయినాక రెండేళ్ళు ఏదైనా స్వచ్ఛంద సంస్థలోనో, బడిలోనో, సర్వే పనిలోనో మనోళ్ళ మధ్య పనిచేస్తే చేతిలో నాలుగు రూపాయలుంటాయి, దరఖాస్తులో రాయడానికి సొంత సంగతి ఉంటుంది. మహారాష్ట్రలో సంచార జాతి కుటుంబం నుంచి వచ్చిన రాజు కేంద్రే అట్లనే ఊర్లలో పనిచేసి, చీవ్‌నింగ్ మీద లండన్ పోయినాడు. ఆయన పెట్టిన ఏకలవ్య ఇండియా ఫౌండేషన్ మన మాదిరి మొదటి తరం పిల్లలకి దరఖాస్తులు రాయడంలో సాయం చేస్తుంది. వాళ్ళ గురించి వెతికి చదవండి.

దరఖాస్తులో స్టేట్‌మెంట్ అని ఒకటి రాయాల, నువ్వెవరు, ఎందుకు చదవాలనుకుంటున్నావు అని. మా వాడొకడు మొదట రాసింది చదివితే ఏడుపొచ్చింది. అంతా పేదరికం, గుడిసె, ఆకలి. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ చదివినోళ్ళకి జాలి తప్ప ఇంకేమీ మిగలదు. మనకి తెలిసిన విద్య ఒకటుంటుంది కదా, అది రాయాల. మన పక్కనే తమిళనాడులో ఇరుళర్లు ఉన్నారు. మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు పాములు పట్టే పెద్దమనుషుల్ని 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకి పిలిపించుకున్నారు. అక్కడ కొండచిలువలు పెరిగిపోయి అడవి జంతువుల్ని మింగేస్తా ఉంటే వాళ్ళ సైంటిస్టులకి దొరకలేదు. వీళ్ళిద్దరూ పోయి మొదటి ఎనిమిది రోజుల్లోనే 13 పట్టిచ్చినారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఏ డిగ్రీ చూపించి పోయినారు వాళ్ళు? మన యానాదుల్లో ఎలుకల బొక్క చూసి ఎన్ని గింజలు దాచిందో చెప్పేవాళ్ళున్నారు, ఏ ఆకు దేనికి పనికొస్తుందో తెలిసినోళ్ళున్నారు. శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ల కోసం ఎంచుకోకముందు ఆ అడవి, ఆ ఉప్పునీటి సరస్సు ఎరిగినోళ్ళు వాళ్ళే. బోటనీ చదివే చెల్లెలు దాని గురించి రాస్తే ఏ యూనివర్సిటీ అయినా ఆగి చదువుతుంది. ఆ మాట మా బోటనీ మేడమే చెప్పింది.

సిఫారసు లేఖలు కూడా కావాల, రెండో మూడో. మన కాలేజీల్లో "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు. అట్ల వద్దని అనడానికి మనకి నోరు రాదు. సెకండియర్ నుంచే ఒక సారు దగ్గరో మేడం దగ్గరో చిన్న ప్రాజెక్టు చేసి ఉంటే, వాళ్ళకి మన గురించి రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. కాలేజీ మెయిల్ నుంచి పంపమని అడగండి, మామూలు జీమెయిల్ నుంచి వస్తే కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు.

ఇంగ్లీషు భయం గురించి రెండు మాటలే. సుగాలీ పిల్లోడు ఇంట్లో గోర్ బోలి మాట్లాడి ఐదేళ్ళకి బళ్ళో తెలుగు నేర్చుకున్నాడు. ఎరుకల ఇంట్లో కుర్రు భాష. చిత్తూరు దిక్కున ఉన్నోళ్ళకి తమిళం కూడా వస్తుంది. ఇంకో భాష నేర్చుకోవడం మనకి కొత్త కాదు. ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ చదివినట్టు కాలేజీ నుంచి లెటర్ తీసుకుంటే ఐఈఎల్‌టీఎస్ అడగని యూనివర్సిటీలు ఇంగ్లాండులో కొన్ని ఉన్నాయి. దరఖాస్తు ఫీజు కట్టలేము, మినహాయింపు ఇవ్వండి అని మెయిల్ పెడితే ఒప్పుకునేవీ ఉన్నాయి. అడగడానికి సిగ్గుపడతాం, అదే మన పెద్ద ఖర్చు.

"ఇదంతా ఎందుకురా, డీఎస్సీ చూసుకోండి, గ్రూప్స్ చూసుకోండి" అని సీనియర్ అన్నలు అంటారు. వాళ్ళ మాట తీసేసేది కాదు. 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చినప్పుడు మన తాండాల్లో, కాలనీల్లో ఎన్ని ఇళ్ళు ఆశ పెట్టుకున్నాయో చూసినాం. ఒక టీచరు ఉద్యోగం వస్తే ఒక ఇల్లు నిలబడుతుంది. కానీ పక్క వీధి పిల్లోడు డీఎస్సీ, గేట్, అమెరికా మూడూ చూసి ఒకటి ఎంచుకుంటాడు. మనకి మాత్రం ఒకటే చూపించి ఇదే నీకు మంచిదంటే ఎట్ల? జైపాల్ సింగ్ ముండా రాంచీ దగ్గర ముండా పల్లె నుంచి ఆక్స్‌ఫర్డ్ పోయి, 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకి కెప్టెన్ అయి, తిరిగొచ్చి రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున నిలబడి మాట్లాడినాడు. పోయినోళ్ళంతా మనల్ని మర్చిపోతారు అనేవాళ్ళకి ఆ ఒక్క పేరు చెప్తే చాలు.

ఆడపిల్లల సంగతి వేరేగా రాయాలని ఉంది గానీ అది అక్కచెల్లెళ్ళు రాస్తేనే బాగుంటుంది. ఒకటి మాత్రం అంటాం. 30 శాతం సీట్లు పెట్టినా, డిగ్రీ థర్డియర్లోనే పెళ్ళిచూపులు మొదలయ్యే ఇళ్ళల్లో పాస్‌పోర్టు మాట ఎత్తేది ఎవరు? వార్డెన్ మేడం ఇంటికొచ్చి ఒక్కసారి మాట్లాడితే అమ్మానాన్న వింటారు. ఆ పని వార్డెన్ డ్యూటీలో ఉండాల, దయ మీద ఉండకూడదు.

ఇప్పుడు అసలు అడిగేది. నేషనల్ ఓవర్సీస్‌లో అమెరికా పోయిన ఒక్క విద్యార్థికి ఏడాది ఖర్చుల కింద ఇచ్చే 15,400 డాలర్లు మన రూపాయల్లో సుమారు 13 లక్షలు, ఫీజు కాకుండా. ఒక్కొక్కరికి 40 వేలు చొప్పున పెట్టుకుంటే ఆ మొత్తంతో 30 మందికి పైగా పిల్లల్ని పాస్‌పోర్టు, పరీక్ష, దరఖాస్తు అన్నీ చేయించి ఆఫర్ లెటర్ దాకా తీసుకుపోవచ్చు. ఆ విద్యార్థి డబ్బు తీసి మాకివ్వమని కాదు. ఇంకో 13 లక్షలు పెట్టమని అడుగుతున్నాం. గిరిజన సంక్షేమ శాఖకి ఇది లెక్కలోకి వచ్చే మొత్తం కాదు. యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు, సూళ్ళూరుపేట, నాయుడుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చినాయి, ఆ పిల్లలు ఇప్పుడు తిరుపతి హాస్టళ్ళలోనే ఉన్నారు. ఒక తయారీ నిధి పెట్టండి, డిగ్రీ సెకండియర్లో ఉన్నోళ్ళని ఎంచుకుని పరీక్ష ఫీజు నేరుగా కట్టేయండి, డబ్బు మా చేతికి కూడా ఇవ్వొద్దు. సీటు రాని వాళ్ళ ఫీజు వృథా అంటారేమో. కోచింగ్ ఇచ్చినోళ్ళందరికీ ఉద్యోగాలొస్తున్నాయా? కోచింగ్ ఆపలేదు కదా.

అర్జీ రాసినాం. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ఇస్తాం, సంతకాలు పెట్టేవాళ్ళు ముందే చెప్పండి. హాస్టల్ పేరు, చదివే సంవత్సరం రాస్తే చాలు, ఫోన్ నంబర్లు గ్రూపులో పెట్టకండి.

ప్రభుత్వం నిధి పెట్టేదాకా కాగితాల పని మనమే చూసుకోవచ్చు, దానికి డబ్బు అక్కర్లేదు. ప్రతి ఆదివారం టిఫిన్ అయినాక మా హాస్టల్ స్టడీ రూములో కూర్చుంటున్నాం. టెన్త్ మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ మూడూ తెచ్చుకోండి. మూడింట్లో పేరు, తేదీ ఒకే మాదిరి ఉన్నోళ్ళు అందరికీ టీ ఇప్పించాలని పందెం పెట్టుకున్నాం. ఏడు వారాలైంది, ఇంతవరకు టీ ఇప్పించినోళ్ళు ఇద్దరే.